పుంజా, పెట్టా? మెడ ఈక చెప్పేదాకా ఆగండి

కోడిపిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చిన రోజునే అది పుంజో పెట్టో తేల్చేసేవాళ్లు మా కోనసీమలో వీధికొకరుంటారు. మా అత్తగారైతే గుడ్డు చూసే చెప్పేస్తారు. కొస తేలిన గుడ్డు పుంజు, గుండ్రటిది పెట్ట. పొదుగుకి పెట్టేటప్పుడు గుండ్రటివే ఏరి పెడతారు, 21 రోజులకి పిల్లలు మాత్రం ఇంచుమించు సగం సగంగానే దిగుతాయి. పుంజా పెట్టా అన్నది పచ్చసొన విడివడే వేళకే తల్లి వైపు నుంచి తేలిపోతుంది. గుడ్డుకి ఆకారం ఆ తర్వాత పొర, పెంకు కట్టేటప్పుడు వస్తుంది. ఈ సంగతి ఆవిడకి నేను చెప్పలేదు, చెప్పను కూడా. గుండ్రటి గుడ్లు ఏరితే ఎవరికీ నష్టం లేదు కదా. పిల్లని కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి చూడటం మాత్రం చెయ్యకండి. దానివల్ల తెలిసేదేమీ లేదు, పిల్ల బెదిరిపోతుంది.

మరి హేచరీలవాళ్లు, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్లు, ఒకరోజు పిల్లని చూసే ఎలా చెబుతారని నన్ను చాలామంది అడుగుతారు. రెట్ట వేసే చోట వేలితో నొక్కి లోపలి చిన్న బొడిపెని చూసే పద్ధతిని 1920లలో జపాన్‌వాళ్లు కనిపెట్టారు. దానికి ఏళ్ల తరబడి చెయ్యి తిరగాలి. మనం నొక్కితే పిల్ల పేగు చితుకుతుంది. రెండో దారి రెక్క చూడటం. రెక్క అంచు ఈకలు పైవరస ఈకల కన్నా పొడుగుంటే పెట్ట, రెండూ సమానంగా ఉన్నా, పైవరసే పొడుగున్నా పుంజు. అయితే అది అందుకోసమే జత కట్టించిన ఫారం జాతుల్లో, అదీ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పనిచేస్తుంది. మన పెరటి నాటుకోళ్లలో ఎవరి రెక్క ఎవరి పోలికో దేవుడికే తెలియాలి. తీర్థాల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి బుట్టల్లో అమ్మే పిల్లలున్నాయే, అవి చాలామట్టుకు గుడ్ల కోళ్ల హేచరీల్లో ఇలా వేరుచేసి తీసేసిన పుంజులే. అనపర్తి, బిక్కవోలు వైపు గుడ్ల ఫారాలకి కావలసింది పెట్టలే కాబట్టి, మిగిలినవి ఇలా చవగ్గా రోడ్డెక్కుతాయి. పిల్లలు ముచ్చటపడి కొంటే కొన్నారు గానీ, గుడ్ల మీద ఆశ పెట్టుకోకండి.

పెరట్లో పుట్టిన రోజునే నమ్మకంగా చెప్పగలిగే జత ఒకటుంది. తల్లి ఒంటినిండా నలుపు తెలుపు అడ్డగీతలుండి, తండ్రి ఎర్రటి డేగపుంజో నల్లటి కాకిపుంజో అయితే, నల్లపిల్లల్లో తల మీద తెల్లచుక్క ఉన్నది పుంజు, చుక్క లేనిది పెట్ట. తండ్రే గీతలదైనా, తెల్లపుంజైనా ఈ లెక్క నిలవదు.

మిగతా పిల్లలన్నిటికీ ఆగాల్సిందే. నెల దాటాక కొంచెం కొంచెం బయటపడతాయి. పుంజుపిల్లకి కాళ్లు లావు, తల మీద జుట్టు ముందుగా ఎర్రబడుతుంది. తోక మాత్రం చాలాసార్లు వెనకబడి మొండిగా ఉంటుంది, వీపు మీద ఈక ఆలస్యంగా కమ్ముతుంది. పెట్టపిల్ల ఈపాటికే పొందిగ్గా ఈక కప్పుకుని చిన్న కోడిలా తిరుగుతుంటుంది. ఇందులో ఏ ఒక్కటి పట్టుకున్నా పొరపడతారు. జాతికోళ్ల, అంటే పందెంకోళ్ల, రక్తం కలిసిన పిల్లకి జుట్టు నిలువుగా లేవదు, మూడు వరసల చిన్న బొడిపెలుగా ఉండిపోతుంది. అలాంటి పుంజుపిల్లని చాలా రోజులు పెట్టే అనుకుంటారు. అందుకే ఒక్క పొదుగు పిల్లల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. వేరే తల్లి పిల్లతో పోల్చి లాభం లేదు.

రెండున్నర, మూడు నెలలకి అసలు సాక్ష్యం వస్తుంది. పొద్దున్నే ఎండలోకి తీసుకెళ్లి, పిల్లని చంకలో ఇరికించుకుని, మెడ మీది ఈక ఒక్కటి వేళ్ల మధ్య పరిచి చూడండి. పెట్టకైతే ఈక కొస గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. పుంజుకైతే సన్నగా సాగి మొనదేలి ఉంటుంది, అంచు నిగనిగలాడుతుంది. ఆ తర్వాత నడుం మీద, తోక మొదలు దగ్గర చూడండి. అక్కడ కొత్తగా వస్తున్న ఈకలు మొనదేలి తోకకి అటూ ఇటూ జారుతుంటే ఇంక సందేహం లేదు, పుంజే. మెడ కన్నా నడుం ఈకనే నేను ఎక్కువ నమ్ముతాను. కూత సంగతంటారా, మూడో నెలలో గొంతు పెగలనివీ ఉంటాయి, ఎప్పుడో ఒకసారి కూతపెట్టే పెట్టలూ ఉంటాయి.

కాబట్టి సంతలో గుప్పెడంత పిల్లల్ని చూపించి "ఏరిత్తానండమ్మగారూ, అన్నీ పెట్టలేనండి, ఆయ్" అంటే నవ్వి ఊరుకోండి. గుడ్ల కోసం కొనేటప్పుడు ధర ఎక్కువైనా మూడు నెలలు దాటిన పెట్టలే కొనండి. పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాల పిల్లల్ని కూడా చాలాచోట్ల కలగాపులగంగానే ఇస్తారు. సగం పుంజులుంటాయని లెక్కేసుకునే తెచ్చుకోండి.

తెచ్చిన కోడిని తిన్నగా మందలో వదలకండి. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు మండలం వేల్పూరులో బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు మా వైపు కోళ్లున్న ప్రతి ఇంట్లో బెంగే. అంత పెద్దది రాకపోయినా కొక్కెర తెగులు చాలు, గూడు ఖాళీ చెయ్యడానికి. మూడు నాలుగు వారాలు పెరటికి ఆ చివర విడిగా ఉంచండి. మేత, నీళ్లు ముందు పాతవాటికి పెట్టి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికెళ్లండి. రెక్కల కింద, రెట్ట వేసే చోట ఈక మొదళ్లలో పేలు, వాటి గుడ్లు గుత్తులుగా కనబడతాయి, చూడండి. టీకా వేయించారో లేదో అమ్మినవాళ్లు చెప్పలేకపోతే పశువుల ఆస్పత్రిలో అడిగి వేయించండి.

ఆ గడువు తీరాక మన కోళ్లగంపకి మించిన సాధనం లేదు. కొబ్బరిచెట్టు నీడన కొత్తవాటిని గంప కింద మూసి, చుట్టూ పాతవాటిని తిరగనివ్వండి. మొదట సందుల్లోంచి ముక్కుతో పొడవబోతాయి, అందదు. నూకలు గంప లోపలా బయటా ఒకేసారి చల్లితే పక్కపక్కనే తింటూ మొహాలు అలవాటవుతాయి. ఓ వారం అయ్యాక, సాయంత్రం గూటికి చేరే ముందు గంప ఎత్తండి. చీకటిపడ్డాక దండెం మీద పెట్టేస్తే చాలంటారు చాలామంది. ముందు చూపులు కలిసి ఉంటే అది సాగుతుంది, లేకపోతే తెల్లారగానే గూట్లోనే రభస. ఒక్క కోడిని ఎప్పుడూ కలపకండి, రెండైనా ఉండాలి, లేకపోతే దెబ్బలన్నీ దాని మీదే పడతాయి. మేత రెండు మూడు చోట్ల పెట్టండి, ఒక పెద్దపెట్ట అన్నిచోట్లా కాపలా కాయలేదు.

పొడుచుకోవడం, తరమడం మామూలే, ఎవరు పైనో తేలేదాకా జరుగుతుంది. రక్తం కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే తియ్యాలి, ఎర్రరంగు చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. పసుపు, వేపనూనె కలిపి రాసి, మానాక వదలండి. ఒకే పెట్ట పదేపదే వేధిస్తుంటే దాన్నే నాలుగు రోజులు గంపలో మూయండి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం కొంత సడలుతుంది. మా నల్లపెట్టకి ఈ శిక్ష అలవాటే, గంప కింద కూడా నా కాలి పట్టీల మీదికి ముక్కు చాపుతుంది. జాతిపెట్టల జోలికి మాత్రం ఈ పద్ధతితో వెళ్లకండి, అవి ఓడినా ఆగవు. వాటికి విడి గూడే.

మూడు నెలల లోపు పిల్లల్ని గుడ్లుపెట్టే పెట్టలతో కలపకపోవడమే మంచిది. కలిపి ఉంచక తప్పకపోతే గుడ్ల కోళ్ల దాణా అందరికీ పెట్టకండి, అందులోని సున్నం పిల్లల మూత్రపిండాలకి చేటు. అందరికీ ఎదిగే పిల్లల దాణా పెట్టి, దంచిన నత్తగుల్లలు విడిగా ఓ మూకుట్లో ఉంచితే, కావలసిన పెట్టలే తింటాయి.

ముసురు పట్టినప్పుడు ఈ కలపడాలు పెట్టుకోకండి. పెరడంతా నీళ్లు నిలిచి రోజులకి రోజులు గూట్లోనే ఇరుక్కుంటే ఓడిన కోడికి పారిపోయే చోటుండదు. గోదావరి తగ్గి నేల ఆరాక, ఆశ్వయుజం దాటాక మొదలుపెట్టండి. కలిపిన తర్వాత ఒకటి రెండు వారాలు గుడ్లు తగ్గుతాయి. దానికి మందులేం అక్కర్లేదు.