బాహుదా పర్ర కోర్‌లో లెక్క తప్పుతోందా?

ఒడిశాలోని బరంపురం నుంచి బాహుదా నది మొగకు గొట్టాలు పట్టుకెళ్ళి, పాత సముద్రమట్టం లెక్కగట్టడానికి పర్రలో (పోటుకు మునిగే బురదనేలలో) దిగి కోర్ (గొట్టంలో పొరలు చెదరకుండా వచ్చే నిలువు బురద కడ్డీ) తీసే కుర్రాళ్ళ కోసం ఇది. ఫోరామినిఫెరా ఏకకణ జీవులు, ఇసుక రేణువంత గుల్ల కట్టుకుంటాయి. ఉప్పు పర్ర మీద పోటు నీరు ఎంతసేపు నిలుస్తుందో దాన్ని బట్టి ఏ ఎత్తున ఏ జాతి బతుకుతుందో తేలుతుంది. స్కాట్, మెడియోలి అనే శాస్త్రవేత్తలు 1978లో చూపించింది ఇదే. నమూనా ఉన్న ఎత్తులోంచి ఆ జాతులు బతికే ఎత్తును తీసేస్తే అప్పటి సముద్రమట్టం వస్తుంది.

సమస్య: తీసిన రోజు కనిపించిన తెల్ల గుల్లలు నెల తిరిగేసరికి మాయం

ఈ తప్పు నేనూ చేశాను. నమూనాలను డాబా మీద వడియాల్లా ఎండబెట్టాను. నల్ల బురదలోని ఇనుప సల్ఫైడ్‌కు గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది. అమోనియా (వాయువు కాదు, జాతి పేరు) లాంటి సున్నపు గుల్లలు అందులో కరిగిపోతాయి. మట్టి రేణువులు అతికించి గుల్ల కట్టుకునే ట్రోకమ్మినా, జాడమ్మినా మిగులుతాయి. అవి ఎత్తైన పర్రలో ఉండేవి. దాంతో లెక్కలో సముద్రమట్టం ఉన్నదానికన్నా కిందికి దిగిపోతుంది.

మైక్రోస్కోపులో జిలేబీలా చుట్ట తిరిగిన పలచని గోధుమరంగు పొర కనిపిస్తే అది కరిగిన గుల్ల లోపలి అస్తరు. మీ నమూనా పోయినట్టే, కొత్తది తియ్యండి. ఈసారి కోర్‌ను తడిగానే ప్లాస్టిక్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఓవెన్ వద్దు. ఫార్మలిన్ కూడా ఆమ్లమే, బోరాక్స్ కలపకుండా పోయకండి. 63 మైక్రాన్ల జల్లెడ పట్టాక నీళ్ళలో ఉండగానే లెక్కపెట్టండి.

సమస్య: పర్ర బురద మధ్యలో లోతు సముద్రపు జాతులు

సముద్రం ఒక్కసారిగా పెరిగిందని రాసెయ్యకండి. పొర కింది అంచు కత్తితో కోసినట్టుందా, గుల్లలు విరిగి అరిగి ఉన్నాయా, పైన మళ్ళీ మామూలు బురదేనా చూడండి. అలాగే ఉంటే అది ఉప్పెన మోసుకొచ్చిన ఇసుక కావచ్చు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మొగ దగ్గరి సొనాపూర్ ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళను అడిగితే ఇటీవలి ఇసుక ఏ తుపానుకు లోపలికొచ్చిందో తెలుగులోనే చెబుతారు. ఆ పొరను సముద్రమట్టం లెక్కలోంచి తీసెయ్యండి, పారెయ్యకండి. తుపానుల చరిత్రకు అదే పనికొస్తుంది.

సమస్య: గట్టు మీద నిలబడ్డా జీపీఎస్ పదుల మీటర్ల మైనస్ చూపిస్తోంది

యంత్రం చెడలేదు. అది దీర్ఘవృత్తజం (భూమికి బదులు లెక్క కోసం ఊహించుకున్న నున్నటి గోళంలాంటి ఆకారం) నుంచి కొలుస్తోంది, మన తీరంలో సముద్రమట్టం దానికి చాలా దిగువన ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్ (సముద్రమట్టం నుంచి ఎత్తు తెలిసిన గుర్తురాయి) నుంచి లెవెలింగ్ చేసుకుంటూ, అంటే ఎత్తు తేడాలు కొలుచుకుంటూ రండి.

సమస్య: పై పొర వయసు కింది పొర కంటే ఎక్కువ

సముద్రపు గవ్వకు వయసు తేల్చే కార్బన్ పరీక్ష చేయించి ఉంటారు. సముద్రపు నీటిలోని కార్బన్ పాతది కాబట్టి గవ్వ వయసు సుమారు 400 ఏళ్ళు ఎక్కువ పలుకుతుంది, ఆ సవరణ చెయ్యాలి. కింది పొరలోకి దిగిన వేరును పంపినా తిరకాసే, అక్కడ వయసు తక్కువొస్తుంది. పొరలో పడుకున్నట్టున్న ఆకు ముక్కో గింజో ఏరి పంపండి. ఎండ్రకాయ బొరియ కనిపించిన చోట పొరలు కలిసిపోయి ఉంటాయి, అసలు గొట్టమే దించకండి.