పొలం పనికి సర్టిఫికెట్ లేదా? ముందు కోత ఎప్పుడో కనుక్కోండి

నేను బడి మధ్యలోనే మానేశాను. ఆ తర్వాత పదిహేనేళ్లుగా పొలం పనే నా బతుకు. పండ్ల తోటల్లో కోతకు వెళ్లాను, నర్సరీలో అంట్లు కట్టాను, ఇప్పుడు ఒక పాడి ఫారంలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతున్నాను. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. "రేపు పొద్దున నాలుగింటికి రాగలవా?" అని మాత్రం దాదాపు ప్రతిచోటా అడిగారు.

అందుకే, పని వెతకడం క్యాలెండర్‌తో మొదలుపెట్టమంటాను. పక్వానికి వచ్చిన పండు మనుషులు దొరికేదాకా చెట్టున ఆగదు. మరీ ముందుగా వెళితే రైతు మీ పేరు మరిచిపోతాడు, కోత రోజునే వెళితే అప్పటికే ముఠా కుదిరిపోయి ఉంటుంది. రెండు మూడు వారాల ముందు వెళ్లి మాట్లాడి, కోతకు ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేయడం నాకు కలిసొచ్చింది. అప్పటికీ దొరకకపోతే కోత మొదలైన నాలుగో రోజో ఐదో రోజో మళ్లీ వెళ్లండి. నడుం పట్టేసి మానేసినవాళ్ల ఖాళీలు అప్పుడే బయటపడతాయి.

గొర్రెల మందల్లో ఈ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. గొర్రె చూడి కట్టాక సుమారు 147 రోజులకు ఈనుతుంది. పొట్టేళ్లను మందలోకి ఎప్పుడు వదిలారో అడిగి ఐదు నెలలు కలుపుకోండి. ఈతలన్నీ ఒక్కసారిగా వచ్చిపడే ఆ కొద్ది వారాలు రాత్రంతా మేలుకునే మనిషి కావాలి, ఆ పనికి పోటీ తక్కువ. పాడికైతే సీజన్ లేదు. రోజూ రెండు పూటలా పితకాల్సిందే. ఆ వేళలు ఓర్చుకోలేక మానేసేవాళ్లు ఎక్కువ కాబట్టి ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట ఖాళీ ఉంటుంది.

ఖాళీ ఎక్కడుందో ముందుగా తెలిసేది దాణా అమ్మేవాళ్లకి, పశువుల డాక్టరుకి, ట్రాక్టరు మెకానిక్‌కి. వాళ్లకు చుట్టుపక్కల పొలాలన్నీ తెలుసు, ఏ యజమానితో మనుషులు నిలవరో కూడా తెలుసు. ఆ రెండో సంగతి తప్పకుండా అడగండి.

పొలానికి నేరుగా వెళ్లండి, కానీ పాలు పితికే వేళకు వద్దు. పొద్దున పని ముగిసి, మేత వేసి, మనిషి కాస్త ఊపిరి తీసుకునే వేళ చూసుకోండి. బురదలో దిగడానికి పనికొచ్చే బూట్లతో వెళ్లండి. దారిలో మూసి ఉన్న గేటు తెరిస్తే మళ్లీ మూయండి. లోపలికి వచ్చే మనిషిని నేను ముందు అక్కడే గమనిస్తాను.

"ఏ పనైనా చేస్తానండీ" అనకండి. ఆ మాట విన్నవాళ్లకు మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. పాతిక కిలోల బస్తా ఎత్తగలను, నిచ్చెన మీద గంటలకొద్దీ నిలబడగలను, పశువులంటే భయం లేదు, వారమంతా తెల్లవారుజామున రాగలను. ఇలా చెప్పండి. గోడౌన్‌లో చేసి ఉంటే సరుకు లెక్క రాయడం వచ్చని చెప్పండి. ముసలివాళ్లకు సేవ చేసి ఉంటే అదీ చెప్పండి. ఓపికగా కనిపెట్టుకుని ఉండే గుణం దూడల దగ్గర చాలా అవసరం. పుట్టిన కొద్ది గంటల్లోనే దూడకు ముర్రుపాలు పట్టాలి, అది తాగే దాకా విసుక్కోకుండా పక్కన కూర్చోగలగాలి.

రాని పని వచ్చని మాత్రం చెప్పకండి. నా మొదటి పాడి ఫారంలో, మిషన్‌తో పితకడం వచ్చని చెప్పి చేరాను. కాలికి ఎర్ర పట్టీ ఉన్న ఆవుకు యాంటీబయాటిక్ వేశారని, దాని పాలు విడిగా తీయాలని నాకు తెలియదు. అడగనూ లేదు. ఆ పాలు పెద్ద ట్యాంకులో కలిశాయి. రెండు పూటల పాలు మొత్తం పారబోశారు. యజమాని తిట్టలేదు. "పట్టీ ఏంటని ఒక్క మాట అడిగి ఉంటే చాలేది" అన్నారు. ఇప్పుడు నేను నేర్పేవాళ్లలో మొదటిరోజే పది ప్రశ్నలు వేసే మనిషినే ఉంచుకుంటాను.

కొన్ని పనులకు నిజంగానే కాగితం కావాలి. పురుగుమందు కొట్టడానికి, రోడ్డు మీద ట్రాక్టరు నడపడానికి చాలా దేశాల్లో శిక్షణో లైసెన్సో తప్పనిసరి. కాగితం అడగని చోట కూడా నేర్పకుండా యంత్రం దగ్గరికి పంపితే వెళ్లవద్దు. ట్రాక్టరు వెనక తిరుగుతూ, తగిలించిన యంత్రాన్ని నడిపించే పీటీఓ షాఫ్టు (ఇనుప కడ్డీ) మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. చొక్కా అంచు అందులో చిక్కితే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. పేడ గుంతలో ఎవరైనా పడిపోతే మీరు దిగకండి, సాయానికి ఫోన్ చేయండి. గుంతలో పేరుకునే విషవాయువుకు కాపాడబోయినవాళ్లు కూడా బలైపోతారు.

ఒక రోజు పని చూపిస్తానని మీరే అడగండి, కానీ ఆ రోజు కూలి ముందే మాట్లాడుకోండి. గంటల లెక్కా, బుట్టల లెక్కా? తూకం ఎవరు వేస్తారు? దెబ్బతిన్న పండుకు కూలి తగ్గిస్తారా? డబ్బు ఏ రోజు చేతికొస్తుంది? రోజూ మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. బుట్టల లెక్కలో మొదటి వారం సంపాదన తక్కువగానే ఉంటుంది, చెయ్యి అలవాటు పడేదాకా బెంగపడకండి.

పని ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకు పైసా ఇవ్వద్దు. ప్రైవేటు ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర రుసుము తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలో పెట్టిన మూలసూత్రం. ఒరిజినల్ గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా వదలకండి. 1971లో బ్రిటన్‌లో మొదలైన వూఫ్ లాంటి ఏర్పాట్లలో సేంద్రియ పొలంలో సాయం చేస్తే తిండి, బస ఇస్తారు, జీతం ఉండదు. నేర్చుకోవడానికి అది మంచి దారే. ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషికి మాత్రం చాలదు.

సీజన్ అయ్యాక ఊరికే వచ్చేయకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏయే పనులు చేశారో నాలుగు ముక్కలు రాసి, ఫోన్ నంబరు వేసి, సంతకం పెట్టి ఇమ్మని అడగండి. వచ్చే ఏడు కోత ఎప్పుడు మొదలవుతుందో కూడా అప్పుడే అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి.