కాలిఫోర్నియాలో ఇండికేటర్ టికెట్టు వస్తే: విశాఖ నుంచి వెళ్లేవారికి కొన్ని సూచనలు

కాలిఫోర్నియాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి విశాఖపట్నం తిరిగి వచ్చి ఎంవీపీ కాలనీలో స్థిరపడినప్పటి నుంచి, ప్రతి వేసవిలోనూ పైచదువులకో ఉద్యోగానికో అమెరికా బయలుదేరే పిల్లలు, వారి తల్లిదండ్రులు మా ఇంటికి వచ్చి సలహాలు అడుగుతుంటారు. పెట్టెలో ఏ పచ్చడి ఎంత పెట్టుకోవాలో చెప్పడానికి చాలామంది ఉన్నారు కానీ, అక్కడ రోడ్డు మీద ఒక చిన్న తప్పుకు పోలీసు అధికారి టికెట్టు రాసి చేతిలో పెడితే ఏం చేయాలో ముందుగా చెప్పేవారు తక్కువ. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే ఇండికేటరు సరిగా వేయలేదన్న టికెట్టును ఉదాహరణగా తీసుకుని, దాన్ని ఎలా చదవాలో, ఎప్పుడు డబ్బు కట్టాలో, ఎప్పుడు ఎదుర్కోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులో చెప్పిన చట్టం కాలిఫోర్నియాది. మిగతా రాష్ట్రాలకు వెళ్లేవారు తమ రాష్ట్ర చట్టాన్ని విడిగా చూసుకోవాలి.

ముందుగా మన అలవాట్ల గురించి చెప్పాలి. మన దగ్గర మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటరు లీవరు స్టీరింగుకు కుడివైపున, వైపరు లీవరు ఎడమవైపున ఉంటాయి. అమెరికాలో అమ్మే కార్లలో ఇండికేటరు ఎడమవైపున ఉంటుంది. ఇక్కడ బండి నడిపిన చేయి అక్కడ మలుపు దగ్గర అలవాటుగా కుడి లీవరును కదిలిస్తుంది. ఇండికేటరు వెలగవలసిన చోట వైపర్లు తిరుగుతాయి. రెండో అలవాటు ఇంకా లోతైనది. గాజువాక వైపు జాతీయ రహదారి మీద ముందు వెళ్లే లారీ కుడి ఇండికేటరు వేస్తే, అది మలుపు తిరగడం లేదని, మనల్ని దాటి వెళ్లమంటోందని మనం చాలాసార్లు అర్థం చేసుకుంటాం. మద్దిలపాలెం కూడలిలో ఆటో డ్రైవరు చేయి బయటకు చాపితే అదే సరిపోతుంది. మన మోటారు వాహనాల చట్టం 121వ సెక్షను కూడా డ్రైవరు సంకేతం ఇచ్చి తీరాలనే చెబుతుంది కానీ, ఆచరణలో ఆ పట్టింపు మనకు తక్కువ. అక్కడ ఇండికేటరుకు ఉన్న అర్థం ఒక్కటే: నేను ఇటు తిరుగుతున్నాను, లేదా ఇటువైపు వరుసలోకి మారుతున్నాను. బయలుదేరేముందు కనీసం ఒక గంటసేపు ఖాళీ పార్కింగు స్థలంలో ఎడమ లీవరును చేతికి అలవాటు చేసుకోండి.

కాలిఫోర్నియా వాహన చట్టంలో ఈ విషయానికి సంబంధించి రెండు సెక్షన్లను గుర్తుంచుకోవాలి. 22107వ సెక్షను ప్రకారం, మలుపు తిరగడం గానీ రోడ్డు మీద కుడికో ఎడమకో జరగడం గానీ సురక్షితంగా చేయగలిగినప్పుడే చేయాలి, ఆ కదలికవల్ల మరొక వాహనంపై ప్రభావం పడే అవకాశం ఉంటే ముందుగా సంకేతం ఇవ్వాలి. 22108వ సెక్షను ప్రకారం, మలుపుకు ముందు చివరి 100 అడుగుల దూరమంతా ఆ సంకేతం ఆగకుండా కొనసాగాలి. 100 అడుగులంటే సుమారు 30 మీటర్లు. గంటకు 30 మైళ్ల వేగంతో వెళ్తే రెండున్నర సెకన్లలోపే గడిచిపోయే దూరం. ఆలస్యంగా ఇండికేటరు వేసినవారు ఈ రెండో సెక్షను కిందికి వస్తారు. అయితే మొదటి సెక్షనులోని 'మరొక వాహనంపై ప్రభావం' అన్న షరతు రెండోదానికీ వర్తిస్తుందని, ఆ రెండింటినీ కలిపి చదవాలని 2011లో ఆ రాష్ట్ర అప్పీలు కోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. టికెట్టు మీద ఏ సెక్షను నంబరు రాసి ఉందో, ఆ సమయంలో మీ వెనుక, పక్కన, ఎదురుగా ఎవరు ఉన్నారో అన్నదే వాదనకు మూలం. మీ వెనుకే వస్తున్న పోలీసు కారు కూడా 'మరొక వాహనం' కావచ్చునని మరచిపోవద్దు. టెక్సాస్ లాంటి చోట్ల ఈ షరతే లేదు. డాలస్ వెళ్లేవారు అక్కడ ఖాళీ రోడ్డు మీదైనా ఇండికేటరు వేయవలసిందే.

వెనుక పోలీసు కారు లైట్లు వెలిగినప్పుడు కుడివైపు సురక్షితమైన చోట ఆపి, కారులోనే కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద కనిపించేలా ఉంచండి. సిరిపురం కూడలిలో కానిస్టేబులు ఆపితే మనం బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరకు నడిచి వెళ్లడం మర్యాద అనుకుంటాం. అక్కడ చెప్పకుండా కారు దిగడం అధికారిని భయపెడుతుంది, మీకు ప్రమాదం తెస్తుంది. లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు పత్రాలు అడిగినప్పుడే, ఎక్కడి నుంచి తీస్తున్నారో చెప్పి తీయండి. డబ్బు ఇస్తానన్న మాట సూచనగానైనా నోట రానీయకండి, అది తీవ్రమైన నేరం. టికెట్టు మీద సంతకం పెట్టమంటే పెట్టండి. ఆ సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. టికెట్టు మీద రాసిన తేదీలోగా కోర్టుకు జవాబు ఇస్తానన్న హామీ మాత్రమే. అక్కడే వాదించవద్దు. ఇంటికి చేరగానే ఆ కూడలి, సమయం, వెలుతురు, చుట్టుపక్కల వాహనాలు, అధికారి కారు ఆగి ఉన్న చోటు అన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండు నెలల తరవాత ఇవేవీ గుర్తుండవు.

2016లో నాకు ఎదురైనది ఇదే. ఒక ఆదివారం తెల్లవారుజామున, విశాలమైన వీధిలోంచి మా అపార్టుమెంటు సందులోకి కుడివైపు తిరిగాను. లీవర్ల తికమకవల్ల వైపర్లు తిరిగాయి. సర్దుకుని ఇండికేటరు వేసేసరికి మలుపు దగ్గరపడింది. ఆ వీధిలో మరో వాహనం లేదు. పోలీసు కారు మాత్రం పక్కనే ఒక దుకాణం పార్కింగులో ఆగి ఉంది. టికెట్టు మీద 22108 అని ఉంది. అసలు జరిమానా 35 డాలర్లే అయినా, దానిపై రాష్ట్రం, కౌంటీ వేసే అదనపు వసూళ్లన్నీ కలిపితే 238 డాలర్లయింది, అప్పటి మారకం ప్రకారం దాదాపు 16 వేల రూపాయలు. ఎందుకొచ్చిన గొడవ, కట్టేయమని స్నేహితులందరూ అన్నారు.

ఆ సలహాలో వారు గమనించని విషయం ఒకటుంది. మన ఈ-చలానాలా ఫోనులో డబ్బు కట్టేసి మరచిపోయే వ్యవహారం కాదు అది. అక్కడ జరిమానా కడితే నేరం రుజువైనట్టే లెక్క. మీ డ్రైవింగు రికార్డులో ఒక పాయింటు చేరి మూడేళ్లకు పైగా ఉంటుంది, ఇన్సూరెన్సు ప్రీమియం పెరగవచ్చు. 12 నెలల్లో 4 పాయింట్లు చేరితే లైసెన్సుకే ముప్పు. కనుక తప్పు నిజంగా చేసి, వెనుక వాహనం ఉండి ఉంటే, ట్రాఫిక్ స్కూలు కోరడం మంచిదని నా అభిప్రాయం: జరిమానాతోపాటు మరికొంత రుసుము కట్టి కోర్సు పూర్తి చేస్తే ఆ పాయింటు ఇన్సూరెన్సు కంపెనీలకు కనబడదు. 18 నెలల్లో ఒక్కసారే ఈ అవకాశం ఉంటుంది. ఇండికేటరు బల్బు మాడిపోవడంవల్ల వచ్చిన టికెట్టు వేరు. దాన్ని బాగుచేయించి, అధికారి చేత సరిచూపించి సంతకం తీసుకుని, 25 డాలర్లు కోర్టుకు కడితే సాధారణంగా ముగిసిపోతుంది.

తప్పు చేయలేదని, లేదా చట్టంలోని షరతు మీ విషయంలో నెరవేరలేదని నిజాయితీగా నమ్మితే ఎదుర్కోండి. కాలిఫోర్నియాలో దీనికి రెండు దారులున్నాయి. కోర్టుకు స్వయంగా హాజరై విచారణ కోరవచ్చు. లేదా లిఖితపూర్వక వాంగ్మూలం ద్వారా, కోర్టు గడప తొక్కకుండానే విచారణ కోరవచ్చు. రెండో దారికి టీఆర్-205 అనే ఫారం నింపి, గడువులోగా జరిమానా మొత్తాన్ని డిపాజిట్టుగా జతచేసి పంపాలి. గెలిస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. అధికారి కూడా తన వాంగ్మూలాన్ని రాసి పంపాలి. ఆయన పంపకపోతే కేసు చాలావరకు కొట్టివేతకు గురవుతుంది. అయితే దాని మీదే ఆశ పెట్టుకుని వాంగ్మూలాన్ని అశ్రద్ధగా రాయవద్దు. ఆ కాగితం మీద మీరు ప్రమాణపూర్వకంగా సంతకం చేస్తారు కాబట్టి అందులో ఒక్క అబద్ధం ఉన్నా, అది ఇండికేటరు తప్పు కంటే ఎన్నో రెట్లు పెద్ద నేరమవుతుంది.

నా మొదటి వాంగ్మూలం మూడు పేజీలు సాగింది. దేశానికి కొత్తనని, లీవర్లు తారుమారయ్యాయని, ఇరవై ఏళ్లుగా ఒక్క ప్రమాదం కూడా చేయలేదని రాశాను. అన్నీ నిజాలే, కానీ వాటిలో ఒక్కటీ చట్టం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. పైగా ఇండికేటరు ఆలస్యమైందని నేనే రాసిచ్చినట్టయింది, రోడ్డు ఖాళీగా ఉందన్న అసలు సంగతి చివరి పేజీలో ఎక్కడో ఒక వాక్యంగా మిగిలింది. తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చింది. విశాఖలో పెద్దవాళ్లకు అర్జీ రాసేటప్పుడు మన కష్టం, మన మంచితనం ముందు చెప్పుకోవడం అలవాటు. అక్కడి ట్రాఫిక్ కోర్టులో న్యాయమూర్తికి కావలసింది దూరం, దిశ, వాహనాల స్థానం. కూడలి పటం గీసి, మీ కారు ఎక్కడుందో, అధికారి కారు ఎక్కడుందో గుర్తులు పెట్టి, అదే వేళకు తీసిన ఫోటోలు, డాష్‌క్యామ్ ఉంటే దాని దృశ్యాలు జతచేసి, ఒక పేజీలో ముగించండి. అధికారి రాసుకున్న నోట్సు నకలు ఇవ్వమని సంబంధిత పోలీసు విభాగాన్ని రాతపూర్వకంగా ముందే కోరండి.

లిఖిత విచారణలో ఓడినవారికి మరో అవకాశం ఉంది. తీర్పు తపాలాలో వేసిన నాటి నుంచి 20 రోజుల్లోగా టీఆర్-220 ఫారం దాఖలు చేస్తే, పాత తీర్పుతో సంబంధం లేకుండా విచారణ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. నేను ఆ పని చేశాను. ఈసారి అధికారి స్వయంగా వచ్చారు. ఇలాంటి కేసుల్లో జూరీ ఉండదు, ప్రభుత్వం లాయరును ఇవ్వదు; అయినా నేరాన్ని సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు చేయవలసిన భారం అటువైపే ఉంటుంది. ఆయనను నేను రెండే ప్రశ్నలు అడిగాను: మీ కారు ఎక్కడ ఆగి ఉంది, నా వెనుక గానీ ఎదురుగా గానీ కదులుతున్న వాహనం ఉందా అని. పార్కింగులో ఆగి ఉన్నానని, వేరే వాహనం గుర్తులేదని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. రెండు సెక్షన్లనూ కలిపి చదవమని న్యాయమూర్తిని కోరాను. పది నిమిషాలు పట్టలేదు, కేసు కొట్టేశారు.

ఆంగ్లంలో ధాటిగా మాట్లాడలేమని సంకోచించేవారు, ముఖ్యంగా పిల్లల దగ్గరకు వెళ్లి అక్కడ కారు నడిపే తల్లిదండ్రులు, తెలుగు దుబాసీ కావాలని కోర్టును ముందుగానే కోరవచ్చు. అందుకు రుసుము ఉండదు. విచారణ తేదీకి కనీసం కొన్ని వారాల ముందు అడగండి. జరిమానా కట్టే స్తోమత లేని విద్యార్థులు తమ ఆదాయ వివరాలతో తగ్గింపు కోరే వీలు కూడా ఉంది.

వీసా పోతుందేమోనన్న భయం చాలామందిని తొందరపెడుతుంది. ఇటువంటి చిన్న ఉల్లంఘనకు కాలిఫోర్నియాలో జైలు శిక్ష లేదు. దాన్ని పెద్దదిగా చేసేది నిర్లక్ష్యం: గడువులోగా జవాబివ్వకపోతే, హామీ తప్పారన్న వేరే కేసు వస్తుంది, అది క్రిమినల్ కేసు. టికెట్టు, తీర్పు, రసీదుల నకళ్లు దాచుకుని, ఇమ్మిగ్రేషను ఫారాల్లో ప్రశ్న ఏది అడిగిందో దానికి నిజం రాయండి.

ఈ గడువు విషయంలో కొత్తగా వెళ్లినవారు ఎక్కువగా దెబ్బతినేది చిరునామా వల్ల. మొదటి ఏడాదిలోనే రెండు మూడు ఇళ్లు మారతారు. కోర్టు ఉత్తరం లైసెన్సు మీది పాత చిరునామాకు వెళ్తుంది, అందలేదన్న జవాబు చెల్లదు. ఇల్లు మారిన 10 రోజుల్లోగా డీఎంవీకి, అంటే లైసెన్సులు ఇచ్చే అక్కడి మోటారు వాహనాల శాఖకు, తెలియజేయాలి, కోర్టుకు విడిగా ఉత్తరం రాయాలి. సంక్రాంతికి విశాఖ రావలసి ఉండి ఆ రోజుల్లోనే గడువు పడితే, టికెట్టు పుచ్చుకున్న వారంలోనే కోర్టు వెబ్‌సైటులో గానీ ఫోనులో గానీ పొడిగింపు అడగండి. నా 238 డాలర్ల చెక్కు కూడా పాత ఇంటికే వెళ్లి, అక్కడి కొత్త అద్దెదారు దయతో దాచి ఇచ్చినందువల్ల నాకు చేరింది.