జూన్‌లో ఆగిపోయిన బ్యాంకు బీమాను మళ్లీ నిలబెట్టడం: నా అనుభవం

బ్యాంకు ఖాతాతో వచ్చే జీవిత బీమా ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, ప్రమాద బీమా సురక్షకు 20. మే నెలాఖరులో బ్యాంకే కోసుకుంటుంది. చిక్కంతా అక్కడే: ఈఎంఐలు, స్కూలు ఫీజు పోయాక ఖాతాలో 456 కూడా మిగలకపోతే జూన్ 1 నుంచి ఒకటో రెండో ఆగిపోతాయి.

పాస్‌బుక్‌లో ఆ కోతలు కనబడకపోతే బ్రాంచిలో మళ్లీ సమ్మతి పత్రం ఇవ్వాలి, నామినీ పేరు రాయడం మరవొద్దు. సెప్టెంబరు-నవంబరు మధ్య చేరితే జీవన్ జ్యోతికి 342 చాలు. అయితే ఇది కొత్త చేరికే: మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప 2 లక్షల బీమా సొమ్ము రాదు.

జీవన్ జ్యోతిలో వైకల్యానికి పైసా లేదు. ప్రమాదంలో ఒక చెయ్యో కాలో పోతే లక్ష ఇచ్చేది ఆ 20 రూపాయల సురక్షే. దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. సమ్మతిని ఈఎంఐ లేని ఖాతాకు మార్చి, ఏప్రిల్‌లోనే 500 వేసి ఉంచితే సరి.