పక్క మీద దొర్లితే గది తిరుగుతోందా? ఎప్లీ చేసే పద్ధతి, ఆ తర్వాతి రోజులు

బీపీ పడిపోయి చీకట్లు కమ్మినా, నడుస్తూ తూలినా, పక్క మీద ఇటు నుంచి అటు దొర్లగానే ఆపేసి ఉన్న ఫ్యాన్‌తో సహా గది గిర్రున తిరిగినా మనం "కళ్ళు తిరుగుతున్నాయి" అనే అంటాం. డాక్టరు దగ్గర ఆ మాటతో ఆపకండి. మూడోది అయితే అది చాలావరకు బీపీపీవీ, అంటే తల కదిపినప్పుడు లోపలి చెవి వల్ల వచ్చే తిరుగుడు.

లోపలి చెవిలో ఒక సంచికి అంటుకుని ఉండాల్సిన సన్నటి కాల్షియం రేణువులు ఊడి, అర్ధవృత్తాకార నాళాల్లోకి, ఎక్కువగా వెనక నాళంలోకి జారతాయి. తల కదిపితే అవి అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి. అందుకే తిరుగుడు కొన్ని సెకన్లు ఆగి మొదలై నిమిషంలోపే తగ్గుతుంది. గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంటే ఇది వేరే జబ్బు. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా, ఉన్నట్టుండి చెవి వినపడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మొదటిసారి డాక్టరే డిక్స్-హాల్‌పైక్ పరీక్షలో, అంటే తల ఒక పక్కకు తిప్పి చప్పున వెనక్కి పడుకోబెట్టి, కళ్ళ కదలిక చూసి ఏ చెవో తేల్చాలి. ఎప్లీ అంటే తలను వరసగా తిప్పుతూ ఆ రేణువుల్ని నాళంలోంచి బయటికి జార్చే పద్ధతి. మెడ ఎముకలు అరిగినవాళ్ళు, మెడ రక్తనాళాల్లో అడ్డంకులున్నవాళ్ళు దీన్ని ఇంట్లో సొంతంగా చేసుకోకూడదు.

కుడి చెవి అని తేలితే ఎప్లీ ఇలా. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోండి. వెనక్కి వాలితే భుజాల కిందికి వచ్చేలా దిండు పెట్టండి. తల 45 డిగ్రీలు కుడికి తిప్పి, చప్పున వెనక్కి వాలండి. తల దిండు దాటి కాస్త కిందికి వేలాడాలి. ఇక్కడ గట్టిగా తిరుగుతుంది, కళ్ళు మూసుకోకుండా భరించండి. తిరగడం ఆగాక మరో 30 సెకన్లు ఉండండి. తల పైకెత్తకుండా 90 డిగ్రీలు ఎడమకు తిప్పి 30 సెకన్లు. తర్వాత ఒళ్ళంతా ఎడమ పక్కకు దొర్లించి, ముక్కు నేలను చూసేదాకా తల ఇంకో 90 డిగ్రీలు తిప్పి మరో 30 సెకన్లు. గడ్డం ఛాతీ వైపు వంచి, ఎడమ పక్క నుంచి మెల్లగా లేవండి. లేచేటప్పుడు ఒక్కసారిగా తోసేసినట్టు అనిపించవచ్చు కాబట్టి ఎవరైనా భుజాలు పట్టుకోవాలి. ఎడమ చెవికైతే అంతా తిరగేసి చేయాలి.

ఎక్కువమంది తప్పు చేసేది మధ్యలోనే. తల తిప్పేటప్పుడు దాన్ని కొంచెం పైకెత్తుతారు. దాంతో రేణువులు వచ్చిన దారినే వెనక్కి జారతాయి. కడుపు నిండా తిని చేయడం కూడా మంచిది కాదు, వాంతవుతుంది.

ఇంట్లో రోజుకు మూడుసార్లు, తిరుగుడు లేకుండా 24 గంటలు గడిచేదాకా చేయవచ్చు. కొందరికి ఒక్కసారికే తగ్గిపోతుంది. అయితే గది తిరగడం ఆగినా, దూదిపరుపు మీద నడుస్తున్నట్టు తేలికపాటి తూలు కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా ఉండొచ్చు. జబ్బు తగ్గలేదని బెంగపడి మాత్రలు పెంచుకునేది ఈ దశలోనే. స్టెమెటిల్ లాంటివి వాంతి ఆపడానికి ఒకటి రెండు రోజులు పనికొస్తాయి కానీ, రేణువుల్ని కదిలించలేవు. వారాల తరబడి వేసుకుంటే మెదడు కొత్త సమతుల్యానికి అలవాటుపడటం ఆలస్యమవుతుంది. కూర్చుని నిద్రపోవడం, మెడకు కాలర్ కట్టుకోవడం కూడా అక్కర్లేదు. రోజూ నడవండి, తల మామూలుగా తిప్పండి.

పైకి చూస్తే వచ్చేది పోయి, పడుకుని ఇటు దొర్లినా అటు దొర్లినా ఇంకా గట్టిగా తిరగడం మొదలైతే, రేణువులు వెనక నాళంలోంచి అడ్డంగా ఉండే నాళంలోకి జారి ఉండవచ్చు. దానికి ఎప్లీ పనిచేయదు, ఒళ్ళంతా దొర్లించే వేరే పద్ధతి ఉంది. ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నెల దాటినా తగ్గకపోతే మళ్ళీ చూపించుకోవాలి.

తగ్గినవాళ్ళలో చాలామందికి ఇది తిరిగి వస్తుంది. పోయినసారి కుడి చెవే కాబట్టి ఈసారీ అదే అనుకుని మొదలుపెట్టకండి, ముందు ఏ పక్కకు వాలితే తిరుగుతోందో చూడండి.