దక్షిణ అండమాన్ అడవుల్లో పక్షులు చూడటం ఎలా?

అండమాన్ వెళ్లినవాళ్లకు పక్షులు దొరక్కపోవడానికి మొదటి కారణం గడియారం. దీవులు బాగా తూర్పున ఉన్నాయి, టైము మాత్రం దేశమంతటికీ ఒకటే. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం అయిదున్నరకల్లా వెలుతురు వచ్చేస్తుంది, సాయంత్రం 6 అయ్యేసరికి చీకటి. అడవి పక్షులు చురుగ్గా తిరిగేది వెలుతురు వచ్చిన మొదటి రెండు మూడు గంటలే. హోటల్లో టిఫిన్ పెట్టేదాకా ఆగితే ఆ పూట పోయినట్టే. ముందురాత్రే ఏదైనా కట్టించుకుని, కారును నాలుగున్నరకు రమ్మనండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. శ్రీ విజయ పురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) కనీసం నాలుగు రాత్రులు ఉండండి.

ముందు చిడియా టాపు. ఊరికి దక్షిణాన సుమారు 25 కిలోమీటర్లు. అడవి రోడ్డుకు ఆనుకునే ఉంటుంది, లోపలికి దూరనక్కర్లేదు. కారు దిగి మెల్లగా నడుస్తూ, కాసేపటికోసారి ఆగి వినండి. పెద్ద మానుల మీద టకటకమంటే అండమాన్ వడ్రంగిపిట్ట కావచ్చు: ఇంచుమించు కాకంత పిట్ట, ఒళ్లంతా నలుపు, తల మీద ఎరుపు. ఇక్కడి జెముడుకాకి నల్లగా ఉండదు. ఒళ్లు లేత గోధుమరంగు, రెక్కలు ఇటుకరంగు. మొదటిసారి చూసినవాళ్లు ఇంకేదో పక్షి అనుకుని వదిలేస్తారు.

చాలాసేపు ఒక్క పిట్టా కనబడదు, ఉన్నట్టుండి చెట్టు నిండా కదలికే. రకరకాల పిట్టలు కలిసి మేసే గుంపు అది. వెంటపడితే చెల్లాచెదురవుతుంది. నిలబడ్డచోటే ఉండి కొమ్మల చివర్ల నుంచి కిందికి వరసగా వెతకండి. పైన మినివెట్లు, ఫ్లవర్‌పెకర్లు అనే చిన్న పిట్టలు, నడిమి కొమ్మల్లో బుల్‌బుల్, చీలిన తోక అండమాన్ డ్రోంగో. డ్రోంగో కూత గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయినట్టే, గుంపు ఎటు వస్తోందో అదే చెబుతుంది.

అన్నిటికన్నా కష్టం నేల మీద తిరిగే అండమాన్ క్రేక్ అనే పిట్టను చూడటం. ముదురు ఇటుకరంగు ఒళ్లు, పొట్ట మీద నలుపు తెలుపు చారలు, ఆకుపచ్చ ముక్కు. తెల్లవారుతుండగానో పొద్దుగుంకే ముందో అడవి వాగు కనిపించేచోట కదలకుండా కూర్చోవాలి. పోటునీరు ఎక్కే క్రీకుల అంచున, మడచెట్ల దగ్గర మాత్రం కూర్చోకండి, ఉప్పునీటి మొసళ్లుంటాయి.

గుడ్లగూబల కోసం అదే రోడ్డు మీద చీకటిపడ్డాక ఒక గంట ఉండండి. టార్చి నేరుగా కళ్లలోకి వేయొద్దు. కూతల రికార్డింగులూ వినిపించొద్దు. ఒకే చోటికి అందరూ వచ్చి అదే పని చేస్తే పక్షి నిజంగా ఇంకో పక్షి వచ్చిందనుకుని మేత మానేసి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది.

చూడాల్సిన ఇంకో చోటు కొండ మీది జాతీయ పార్కు మౌంట్ హ్యారియట్. దానికి 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. చాథమ్ జెట్టీ నుంచి బాంబూ ఫ్లాట్‌కు ఫెర్రీలో దాటి వెళ్లాలి. మొదటి ఫెర్రీ ఎప్పుడో, పార్కు గేటు ఎప్పుడు తెరుస్తారో ముందురోజే కనుక్కోండి. కొండ మీద పావురాలను చూడటానికి కాలాపత్థర్ బాట మంచిది.

ఎండెక్కాక అడవి సద్దుమణుగుతుంది. అప్పుడు సిప్పీఘాట్ వెళ్లండి. 2004 భూకంపంలో నేల కుంగి, పొలాల్లోకి ఉప్పునీరు చేరి చిత్తడిగా మారిన చోటు అది. కంటి చుట్టూ తెల్లటి మచ్చ ఉన్న అండమాన్ బాతు ఇక్కడ కనిపిస్తుంది.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) అయితే మేలు. 10×42లో కంటికి చేరే కాంతి తక్కువ, చెయ్యి వణుకు ఎక్కువ, గుబురు నీడల్లో రెండూ ఇబ్బందే. రాత్రి ఏసీ గదిలో ఉంచితే పొద్దున బయటికి తీయగానే చల్లటి అద్దాల మీద తేమ పడుతుంది. కవర్లో మూసి, బయల్దేరడానికి అరగంట ముందే ఏసీ లేని చోట పెట్టండి. తుడిచి లాభం లేదు, అద్దం వేడెక్కేదాకా మళ్లీ పడుతూనే ఉంటుంది.

జిర్కాటాంగ్ చుట్టుపక్కల అడవీ బాగుంటుంది. అయితే చెక్‌పోస్టు దాటితే జరావా అనే ఆదివాసుల రిజర్వు. ఎంత అరుదైన పక్షి కనిపించినా అక్కడ బండి ఆపకూడదు, కెమెరా తీయకూడదు. చెక్‌పోస్టుకు ఇవతలే నడవండి.