తెలుగు మీదుగా జపనీస్ – 6వ పాఠం: వెళ్ళొస్తాను

ముందు పోయిన పాఠం అభ్యాసం చూసుకుందాం. ‘టోక్యో నుంచి క్యోటో వరకు షింకన్‌సెన్‌లో వెళ్తాను’ అనే వాక్యాన్ని జపనీస్‌లోకి మార్చమన్నాను. షింకన్‌సెన్ అంటే అక్కడి బుల్లెట్ రైలు. జవాబు ఇది: తోక్యో కర క్యోతొ మదె శింకన్సెన్ దె ఇకిమస్. ‘నుంచి’కి కర, ‘వరకు’కు మదె. అక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది ఉండదు. తడబడేది ‘లో’ దగ్గర. రైలు లోపల కూర్చుంటాం కాబట్టి చోటును చెప్పే ‘ని’ పెట్టాలనిపిస్తుంది. కానీ ఇక్కడ రైలు మన ప్రయాణానికి సాధనం, ‘కత్తితో కోశాను’లో కత్తి లాగా. సాధనానికి ‘దె’ వస్తుంది. మీరు ‘ని’ రాసి ఉంటే సరైన వాక్యాన్ని ఐదుసార్లు పైకి చదివి ముందుకు రండి.

ఈ పాఠంలో ‘తె’ రూపం నేర్చుకుందాం. ఇంగ్లీషు ద్వారా జపనీస్ నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా భయపడేది, చాలామంది చదువు ఆపేసేది ఇక్కడే. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా సరిపోయే రూపం లేదు కాబట్టి పుస్తకాలు దీన్ని పది ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టి చెబుతాయి. తెలుగువాడు అదే దారిలో వెళ్ళి అదే టెన్షన్ పడడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఎందుకంటే ఇది మనకు పుట్టుకతో వచ్చిన రూపం. తిని, చూసి, వెళ్ళి, చేసి. మన వ్యాకరణంలో క్త్వార్థకం అంటారే, అదే ఇది.

జపాన్‌లో నా మొదటి సంవత్సరం ఒక పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. రోజూ పొద్దున నేను గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే ఆవిడ వంటింట్లోంచి ‘ఇత్తె రశ్శయ్’ అనేది. ఏం జవాబివ్వాలో తెలియక నవ్వి, తల వంచి వెళ్ళిపోయేవాణ్ణి. నాలుగో నెలలో తె రూపం నేర్చుకున్నాక ఒక రాత్రి ఆ మాటను విడదీసి చూశాను. ఇత్తె అంటే వెళ్ళి. రశ్శయ్ అంటే రండి, మర్యాదగా. వెళ్ళి రండి! మా అమ్మ వీధి గుమ్మంలో నిలబడి అనే మాట. దానికి వాళ్ళ జవాబు ‘ఇత్తె కిమస్’. ఇత్తె వెళ్ళి, కిమస్ వస్తాను. మర్నాడు పొద్దున ఆవిడ అనకముందే నేనే ‘ఇత్తె కిమస్’ అన్నాను. ఆవిడ చేతిలో గరిటెతో బయటికొచ్చి, నన్ను చూసి, మళ్ళీ నెమ్మదిగా ‘ఇత్తె రశ్శయ్’ అంది.

మనం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ‘వెళ్తాను’ అని ఊరుకోం. ‘వెళ్ళొస్తాను’ అంటాం. తెలంగాణలో ‘పోయొస్త’ అంటారు. ‘పోతాను’ అంటే పెద్దవాళ్ళు వెంటనే సరిదిద్దుతారు. ఇంత సున్నితమైన విషయాన్ని వాళ్ళూ మనలాగే, అవే రెండు క్రియలతో, అదే వరుసలో చెప్పుకుంటున్నారు.

ఇలాంటివి చూసినప్పుడు రెండు భాషలకూ చుట్టరికం ఉందేమో అనిపిస్తుంది. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ సంబంధం ఉందని గట్టిగా వాదించారు. భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. మన పాఠానికి ఆ చర్చ తేలక్కర్లేదు, పోలిక ఉంటే చాలు.

రూపం ఎలా వస్తుంది

తేలికైనవి ముందు. ‘రు’తో ముగిసి, దాని ముందు ఇ గానీ ఎ గానీ వినిపించే క్రియల్లో చాలావాటికి ‘రు’ తీసి ‘తె’ పెడితే చాలు. తబెరు (తిను) తబెతె అవుతుంది. మిరు (చూచు) మితె, నెరు (పడుకొను) నెతె, ఒరిరు (దిగు) ఒరితె. ‘రు’తో ముగిసేవాటిలో దారి తప్పేవి రెండే: సురు (చేయు) శితె అవుతుంది, కురు (వచ్చు) కితె అవుతుంది.

మిగతా క్రియలకు పుస్తకాల్లో ఒక పట్టిక ఉంటుంది. దాన్ని బట్టీ పట్టకండి. అది ఎలా పుట్టిందో తెలిస్తే దానంతట అదే గుర్తుంటుంది. పాత జపనీస్‌లో అన్నింటికీ ఒకటే పద్ధతి. కకు (రాయు) అనే క్రియకు కకి+తె, కకితె. నొము (తాగు) అయితే నొమితె. తొరు (తీయు) అయితే తొరితె. వందల ఏళ్ళు జనం నోట్లో నాని ఇవి అరిగాయి. కకితె అని గబగబా పదిసార్లు అనండి, మధ్యలో ‘క’ జారిపోయి ‘కఇతె’ మిగులుతుంది. నొమితె కాస్తా ‘నొందె’ అయింది. తొరితె ‘తొత్తె’ అయింది. ఈ మార్పులను వాళ్ళు ఒన్‌బిన్ అంటారు. మన ‘చేయు’ అనే క్రియ ‘చేసి’ ఎందుకయిందో, ‘పోవు’ అనేది ‘పోయి’ ఎందుకయిందో మనకెవరూ పట్టిక వేసి నేర్పలేదు. వినీ వినీ వచ్చింది. ఇదీ అంతే.

కాబట్టి వీటిని గుంపులుగా నోటికి అలవాటు చేసుకోండి:

కఉ – కత్తె (కొని), మత్సు – మత్తె (ఆగి, ఎదురుచూసి), నొరు – నొత్తె (ఎక్కి)
నొము – నొందె (తాగి), యొబు – యొందె (పిలిచి)
కకు – కఇతె (రాసి), అరుకు – అరుఇతె (నడిచి)
ఇసొగు – ఇసొఇదె (తొందరపడి)
హనసు – హనశితె (మాట్లాడి)

చివరి దాంట్లో ఏమీ అరగలేదు, పాత ‘శి’ అలాగే నిలిచింది. ఇకు (వెళ్ళు) మాత్రం కకు లాగా ‘ఇఇతె’ కావాలి, కానీ ‘ఇత్తె’ అయింది. రోజూ వాడే క్రియల్లో గుంపులో చేరనిది ఇదొక్కటే. మన అదృష్టం, ఇత్తె కిమస్‌తోనే దాన్ని నేర్చేసుకున్నాం. ఇంకో జాగ్రత్త: కఎరు (ఇంటికి తిరిగి వెళ్ళు), హఇరు (లోపలికి వెళ్ళు), కిరు (కోయు) చూడడానికి తబెరు లాగే ఉన్నా నొరు గుంపువే. కఎత్తె, హఇత్తె, కిత్తె.

ద్విత్వం దగ్గర అశ్రద్ధ చేయకండి. కితె అంటే వచ్చి. కిత్తె అంటే కోసి. ‘గడి’ అనడానికీ ‘గడ్డి’ అనడానికీ మనకు ఎంత తేడానో వాళ్ళకూ అంత తేడా. ఇది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే కంటికి ఆనదు. తెలుగులో రాసుకుంటే ఒత్తు కనబడుతూనే ఉంటుంది. నోట్సు తెలుగులోనే రాసుకోమని మొదటి పాఠం నుంచీ చెబుతున్నది అందుకే.

వాడుక

దారి చెప్పడం చూడండి. టోక్యోలో షింజుకు నుంచి ఉఎనొలోని మ్యూజియానికి వెళ్ళాలి. యమనొతె లైన్ అనే రైలు రెండు స్టేషన్ల మీదుగానూ తిరుగుతుంది.

శింజుకు దె యమనొతె‌సెన్ ని నొత్తె, ఉఎనొ దె ఒరితె, అరుఇతె ఇకిమస్.

షింజుకులో యమనొతె లైన్ ఎక్కి, ఉఎనొలో దిగి, నడిచి వెళ్తాను. మాటకు మాట పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కి, దిగి, నడిచి, చివర్లో ఒక్క క్రియకే కాలం. ఒక్క తేడా ఏమిటంటే, మనం ‘రైలు ఎక్కి’ అంటాం, వాళ్ళు ‘రైలుకి ఎక్కి’ అన్నట్టుగా ‘ని’ పెడతారు.

అడగడం ఇంకా దగ్గర. ‘తె’కు ‘కుదసయ్’ కలపాలి. కుదసయ్ అంటే అసలు అర్థం ‘ఇవ్వండి’. కఇతె కుదసయ్ – రాసి ఇవ్వండి. జపాన్‌లో మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే వాక్యం ఇదే. చెవికి అందని ఊరి పేరునీ, రైలు సమయాన్నీ కాగితం మీద పెట్టిస్తుంది. దీనికి తోడుగా మరో రెండు: యుక్కురి హనశితె కుదసయ్ (నెమ్మదిగా మాట్లాడండి), మో ఇచిదొ ఇత్తె కుదసయ్ (మళ్ళీ ఒకసారి చెప్పండి). ఈ చివరి ఇత్తె ‘వెళ్ళి’ కాదు, ‘చెప్పు’ అనే అర్థమున్న ఇఉ నుంచి వచ్చింది. రెండూ ఒకేలా వినిపిస్తాయి, సందర్భమే దారి చూపుతుంది.

అనుమతి అడగాలంటే ‘తె’ తర్వాత ‘మొ ఈ దెస్ క’ చేర్చండి. శశిన్ ఒ తొత్తె మొ ఈ దెస్ క? ఫోటో తీసినా పర్వాలేదా? ‘తీసినా’లో ఉన్న ఆ చివరి ‘నా’ పనే ‘మొ’ చేస్తుంది. గుళ్ళలో, మ్యూజియాల్లో, చిన్న హోటళ్ళలో ఇది అడిగి తీరాలి. క్యోటోలో గియొన్ పేటలోని ప్రైవేటు సందుల్లో ఫోటో తీస్తే 10,000 యెన్లు కట్టాలని బోర్డులున్నాయి. అడిగినప్పుడు అవతలివాళ్ళు ‘వద్దు’ అని ముఖం మీద చెప్పడం అరుదు. ‘చొత్తొ...’ అని సాగదీసి, కాస్త తల వంచి ఆగిపోతారు. చొత్తొ అంటే ‘కొంచెం’. వాక్యం పూర్తయ్యే దాకా ఎదురుచూడకండి, అక్కడికి అది పూర్తయినట్టే. ఫోన్ జేబులో పెట్టుకుని సుమిమసెన్ (క్షమించండి) అనండి. వ్యాకరణం మొత్తం వచ్చినా ఈ సగం వాక్యాన్ని వినడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. మీకు అంత ఆలస్యం కాకూడదు.

బట్టల షాపులో: కితె మితె మొ ఈ దెస్ క? వేసుకుని చూసినా పర్వాలేదా? (ఇక్కడి కితె ‘వచ్చి’ కాదు, కిరు అంటే ‘తొడుక్కొను’ అనే ఇంకో క్రియ, ఇది తబెరు గుంపుది.) ‘ప్రయత్నించు’ అనే అర్థంలో ‘చూచు’ను వాడడం మనకు ఎంత సహజం! తిని చూడు, అడిగి చూడు, వెళ్ళి చూడు. తబెతె మిరు, కీతె మిరు, ఇత్తె మిరు. ‘పట్టుకురా’ కూడా అలాగే వస్తుంది: మొత్సు అంటే పట్టుకొను, మొత్తె కితె కుదసయ్ అంటే పట్టుకు రండి.

ఇక ‘శిమఉ’. ఇది నాకు చాలా ఇష్టమైన సహాయక్రియ. మనం ‘తిన్నాను’ అంటాం, ‘తినేశాను’ అంటాం. రెండింటికీ తేడా ఏమిటని పరాయివాళ్ళు అడిగితే చెప్పడం కష్టం, కానీ మనకు తెలుసు. అయిపోయింది, ఇక వెనక్కి రాదు. ఒక్కోసారి ‘అయ్యో’ అనే భావం కూడా అందులోనే ఉంటుంది. తబెతె శిమఇమశిత అంటే తినేశాను. వసురెతె శిమఇమశిత అంటే మర్చిపోయాను. మనం ఒక చోట ‘వేయు’, ఇంకో చోట ‘పోవు’ వాడతాం, వాళ్ళకు రెండింటికీ శిమఉ ఒక్కటే. స్టేషన్‌లో ఈ వాక్యం మీకు తప్పక అవసరమవుతుంది:

కస ఒ దెన్శ ని వసురెతె శిమఇమశిత.

గొడుగు రైల్లో మర్చిపోయాను. సిగ్గుపడకుండా చెప్పండి. పోయిన వస్తువులను భద్రంగా దాచి తిరిగి ఇవ్వడం అక్కడ పెద్ద వ్యవస్థ. టోక్యోలో ఎవరూ అడగని వస్తువులు ఈదబశి దగ్గర ఉన్న పోలీసుల కేంద్రానికి చేరతాయి.

తెలుగువాళ్ళు జారిపడే చోటు

ఇమస్ అంటే ‘ఉన్నాను’. ‘తె ఇమస్’ను పుస్తకాలు ‘జరుగుతున్న పని’ అని నేర్పుతాయి. తబెతె ఇమస్ – తింటున్నాను. సరే. మరి కెక్కొన్ శితె ఇమస్ అంటే? ‘పెళ్ళి చేసుకుంటున్నాను’ కాదు. ‘నాకు పెళ్ళయింది’ అని. దెన్శ గ తొమత్తె ఇమస్ అంటే రైలు ఆగుతోందని కాదు, రైలు ఆగి ఉంది అని.

మనకు ఇక్కడ రెండు రూపాలున్నాయి. పని సాగుతుంటే ‘తింటూ ఉన్నాను’. పని ముగిసి ఆ స్థితి మిగిలితే ‘ఆగి ఉంది’, ‘తెరిచి ఉంది’, ‘పడి ఉంది’. జపనీస్‌లో రెండింటికీ ఒకే రూపం. ఏ అర్థమో క్రియను బట్టి తెలుసుకోవాలి. తినడం, రాయడం, నడవడం కాసేపు సాగే పనులు, అక్కడ ‘తూ ఉన్నాను’. ఆగడం, తెరుచుకోవడం, పెళ్ళవడం ఒక్క క్షణంలో స్థితిని మార్చేవి, అక్కడ ‘ఇ ఉంది’. షాపు ముందు నిలబడి అఇతె ఇమస్ క అని అడిగితే ‘తెరిచి ఉందా’ అని. అనుమానం వచ్చినప్పుడల్లా తెలుగులో రెండు రూపాలూ అని చూసుకోండి. ఏది పొసుగుతుందో చెవికే తెలుస్తుంది.

అభ్యాసం

మూడో పాఠంలోని ‘మశిత’ (జరిగిపోయిన పనిని చెప్పే ముగింపు) గుర్తుచేసుకుని వీటిని జపనీస్‌లోకి మార్చండి. మాటలు: మిజు (నీళ్ళు, జ ‘జడ’లో జ లాగా), బసు (బస్సు), ఉచి (ఇల్లు), కొకొ (ఇక్కడ), సువరు (కూర్చొను), నమఎ (పేరు), హొతెరు (హోటల్), పసుపోతొ (పాస్‌పోర్ట్).

నీళ్ళు తాగి, బస్సెక్కి, ఇంటికి తిరిగి వెళ్ళాను.
ఇక్కడ కూర్చున్నా పర్వాలేదా?
ఇక్కడ పేరు రాయండి.
పాస్‌పోర్ట్ హోటల్లో మర్చిపోయాను.

మొదటి వాక్యంలో కఎరు ఏ గుంపుదో చూసుకోండి, చివర్లో ఉంది కాబట్టి దానికి తె అవసరం లేదు. జవాబులు ఏడో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో లెక్కపెట్టే మాటలు మొదలవుతాయి. మనం మనుషులకు ‘ఇద్దరు’, వస్తువులకు ‘రెండు’ అని రెండు రకాలుగా లెక్కపెడతాం. వాళ్ళు టిక్కెట్లకు ఒక రకంగా, సీసాలకు ఒక రకంగా, మనుషులకు ఇంకో రకంగా లెక్కపెడతారు. ఈలోగా ఇంట్లోంచి బయల్దేరిన ప్రతిసారీ ఇత్తె కిమస్ అనండి. ఇంట్లోవాళ్ళకు జవాబు కూడా నేర్పండి.